నాలుగు పలకల గది

1

చదివే వారికి నమస్కారం. నా దస్తూరి బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి, మన్నించాలి. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. తర్వాత చేతికి సుత్తి వచ్చింది. సుత్తి పట్టిన చెయ్యి కలాన్ని కూడా అలాగే పట్టుకుంటుంది. కాగితం చిరిగిన చోట మాట ఊహించుకుని చదవండి.

నా పేరు బత్తుల చెంచయ్య. ఈ గుంటలో పనిచేసే నలుగురిలో పెద్దవాణ్ణి. పెద్దవాడే రోజు రాత రాయాలని కంపెనీ నియమం. ఇన్నాళ్ళూ "పని జరిగింది" అని రాసి ఊరుకున్నాను. ఎక్కువ మాట్లాడటం నాకు మొదటినుంచీ చేతకాదు. ఇప్పుడు మాట వెళ్ళడం లేదు, అందుకని రాస్తున్నాను.

ఇక్కడికి వచ్చాక మేము చందమామ అనడం మానేశాం. కాళ్ళ కింద ఉన్నదాన్ని చందమామ అంటే నోరు తిరగదు. ఇది గుంట. ఇందులో ఎండ ఎప్పుడూ పడదు. రాయిలాంటి మంచు ఉంటుంది. దాన్ని కోసి మంచుబండికి ఎత్తితే, బండి తనంతట తనే పెద్ద మకాముకు పోతుంది. అక్కడ దాన్ని నీళ్ళు చేస్తారు, గాలి చేస్తారు. తిరుగు బండిలో మాకు తిండి పెట్టెలు, గాలి డబ్బాలు వస్తాయి.

మస్తాన్‌వలి డ్రిల్లు పట్టే మనిషి. తిరుపాలు ఎత్తుడు పని. కింద భూమ్మీద ఉన్నప్పుడు అతను గ్రానైట్ క్వారీలో పేలుడుకు ముందు కేక వేసేవాడు. ఆ కేక వింటే ఆవలి కొండ మీద మేకలు కూడా పరిగెత్తేవి. ఏసురత్నం గాలి మర చూస్తుంది, ఆకుకూర తొట్లు చూస్తుంది, వంట చేస్తుంది. ఆమె చెయ్యి ఆగితే మా ఊపిరి ఆగుతుంది.

మొన్నటిదాకా ఎవరి గది వారికి ఉండేది. గదికొక పలక, మా ముఖమూ మాటా కిందకి పంపే గాజు పలక, గోడకు బిగించి. వారానికొకసారి ఆ పలకలో హాజరు. కింద ఆఫీసు పిలుస్తుంది, నలుగురం నాలుగు గదుల్లోంచి పలుకుతాం, అయిపోతుంది. అలాంటిది ఒకరోజు పనినుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే గదుల వరుసలో గోడ చీలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. పాము బుసలాగా వినపడింది. రత్నం మమ్మల్ని మెడలు పట్టి వంటగదిలోకి తోసి నడిమి తలుపు మూసింది. ఇప్పుడు మాకు గాలి ఉన్నది ఈ వంటగదిలోనే. మళ్ళీ గాలి తొడుగులు వేసుకుని వెళ్ళి బొంతలు, పలకలు తెచ్చుకున్నాం. నాలుగు పలకలనూ ఒకే గోడకు వరసగా ఆనించాం.

హాజరు వేళ అయింది. నాలుగు పలకలూ వెలిగాయి.

హాజరు చూసేది మనిషి కాదు, మర. ఆడగొంతుతో మర్యాదగా మాట్లాడుతుంది. "చెంచయ్య గారూ, పలకండి" అంది. "ఉన్నాను" అన్నాను. ఆ మాట నా పలకే కాదు, మిగిలిన మూడూ విన్నాయి. మా మాట కిందకి పోయి తిరిగి రావడానికి కాస్త సేపు పడుతుంది. నేను నోరు మూసుకున్నాక నా గొంతే నా పక్కనుంచి "ఉన్నాను" అంది. దాన్ని మళ్ళీ మిగిలిన పలకలు విన్నాయి. మళ్ళీ కిందకి పంపాయి. ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను అంటూ తిరిగి తిరిగి, ఆ మాట కరిగిపోయి కూత అయింది. రంపం రాతిలో ఇరుక్కుంటే వచ్చే కూత. తొట్లలో తోటకూర ఊగింది. రత్నం రెండు చెవులూ మూసుకుంది.

"శబ్దం ఎక్కువగా ఉంది. దయచేసి ఒక్కరే మాట్లాడండి" అని నాలుగు పలకలూ ఒకదాని వెనక ఒకటి అన్నాయి. తర్వాత ఆరిపోయాయి.

గోడ చీలిందని చెప్పనే లేదు.

2

ఈ వారం హాజరుకు ముందే కూర్చుని అనుకున్నాం.

పలకలకు నోరు మూసే బొత్తం లేదు. ఉంటే పనివాడు నొక్కేసి పడుకుంటాడని కంపెనీ పెట్టలేదు. గొంతు తగ్గించే చోటు కూడా లేదు. పలకను ఆర్పేస్తే ఆ మనిషి రాలేదని లెక్క. అక్షరాలు రాసి పంపే వీలు అసలే లేదు. చెవుల్లో పెట్టుకునేవి గదుల్లోనే పగిలిపోయాయి.

"అయితే ఒక్కరే మాట్లాడదాం. ఆ మర కూడా అదే గదా అడిగింది" అంది రత్నం.

"తిరుపాలు మాట్లాడతాడు. గొంతు గట్టిది" అన్నాను.

"పెద్దోడివి నువ్వుండగా నేను నోరు తెరిచేదేంది మావా" అన్నాడు తిరుపాలు.

"పోనీ రత్నం."

"బాగుంది అన్నా. రేపు మా వాళ్ళకు తెలిస్తే, మగోళ్ళు ముగ్గురుండి ఈమెను ముందుకు తోశారంటారు. నువ్వే చెప్పు."

మస్తాన్‌వలి వంక చూశాను. అతను నవ్వాడు. "నా వంక చూడబాక మావా. నేను మాట్లాడితే నిజం కూడా అబద్ధంలాగుంటది."

అలా నన్ను ముందు కూర్చోబెట్టారు. నా పెళ్ళిలో కూడా నేను ఇంత ముందు కూర్చోలేదు.

పలకలు వెలిగాయి. "గోడ" అన్నాను. వెనకనుంచి ముగ్గురూ "ఊఁ" అన్నారు. "గోడ చీలింది, గదులు పోయాయి" అన్నాను. "ఊఁ" అన్నారు. పెద్దవాడు మాట్లాడుతుంటే ఊ కొట్టకుండా కూర్చోవడం మాలో ఎవరికీ అలవాటు లేదు. కానీ ఆ మర ఎవరు చివర నోరు మెదిపితే వారి పలక తెరిచి, మిగిలినవి మూస్తుంది. నా మాట సగంలో తెగుతోంది, వాళ్ళ ఊఁ మాత్రం కిందకి పోతోంది.

"చెంచయ్య గారూ, అర్థం కాలేదు" అంది మర.

"ఊ కొట్టబాకండి" అంది రత్నం. అది కూడా కిందకి పోయింది.

"మావ చెప్తంటే ఊ కొట్టకుండా ఎట్టా అక్కా, శవం దగ్గర కూర్చున్నట్టు" అన్నాడు మస్తాన్‌వలి. అదీ పోయింది.

అప్పుడు ముగ్గురూ అరచేతులతో నోళ్ళు మూసుకున్నారు. మూడు పలకల మీద బొంతలు కప్పారు. నేను ఒక్కణ్ణే మాట్లాడాను. గోడ చీలింది, నలుగురం ఒకే గదిలో ఉన్నాం, గాలి డబ్బాలు ఎక్కువ పంపండి, గోడ అతికే మనుషుల్ని పంపండి అన్నాను. నా జీవితంలో అంత పొడుగు మాట మరొకటి లేదు. గదిలో నా గొంతు తప్ప ఏమీ లేదు. కూత రాలేదు. బొంతల కిందనుంచి నా మాటలే కాస్త మూలుగుతూ తిరిగి వచ్చాయి, అంతే.

"ధన్యవాదాలు చెంచయ్య గారూ, మీ గొంతు సరిపోయింది. హాజరు పూర్తయింది" అంది మర, నాలుగు పలకల్లోనూ.

రత్నం దాచుకున్న బెల్లం ముక్క తీసి టీలో వేసింది. "మావ ఇంతగా మాట్లాడతాడని తెలిస్తే మా చెల్లెలి సంబంధానికి తీసకపోయేవాణ్ణి" అన్నాడు మస్తాన్‌వలి. తిరుపాలు కూడా నవ్వాడు.

పని జరిగింది.

3

మంచుబండి వచ్చింది. మూత ఎత్తాం. ఎప్పుడూ నాలుగు పెట్టెలుంటాయి. ఈసారి ఒకటే ఉంది. దాని మీద అచ్చు అక్షరాల్లో నా పేరుంది. లోపల ఒక మనిషికి సరిపోయే బియ్యం, పప్పు, ఒక మనిషి పీల్చే గాలి డబ్బాలు, నా కళ్ళలో వేసుకునే మందు సీసా.

బండి అడుగున ఇంకేమైనా ఉందేమోనని తిరుపాలు లోపలికి దిగి చేత్తో తడిమి చూశాడు.

పలకల దగ్గరికి వచ్చి చూస్తే నాలుగింటి మీదా నా పేరే ఉంది. మిగిలిన ముగ్గురి పేర్ల దగ్గర "ఈ స్థానం ఖాళీ" అని ఉంది.

ఎలా జరిగిందో రత్నమే చెప్పింది. వేరే గుంటలో ఒకసారి పనివాళ్ళు పోతే, ఉన్నవాళ్ళు వాళ్ళ బొమ్మలు పలకల ముందు నిలబెట్టి వాళ్ళ తిండి కూడా తిన్నారట. అప్పటినుంచి కంపెనీ ముఖాన్ని నమ్మడం మానేసింది. గొంతే లెక్క. మొన్న నాలుగు పలకల్లోనూ వినపడ్డది నా గొంతొక్కటే. ఒక ముసలివాడు నాలుగు పలకల ముందు కూర్చుని నలుగురిలాగా నటిస్తున్నాడని మర అనుకుంది. పాపం, కోపగించుకోలేదు. మర్యాదగా మూడు పేర్లు తీసేసింది. గోడ మాట కూడా ఆ నటనలోదే అనుకుంది.

"అంటే మేం పోయామన్న మాట" అన్నాడు మస్తాన్‌వలి. "నీళ్ళు పోయాల్సింది నువ్వే మావా. నాకు మాత్రం కాస్త వేడినీళ్ళు."

"నోరు మూసుకో వలీ" అంది రత్నం.

"అది మూసుకునే గదక్కా ఇట్టా అయింది."

నేను పెట్టె పక్కన కూర్చున్నాను. వాళ్ళు నన్ను గౌరవించారు. అందుకే వాళ్ళు లెక్కలో లేరు. ఎవరి ముఖమూ చూడలేకపోయాను. కళ్ళు దించుకుంటే పెట్టె పక్కభాగం కనపడింది. దాని మీద సుద్దతో, చేత్తో రాసిన అక్షరాలున్నాయి. "మెల్లగా దించండి, లోపల సీసా ఉంది." తెలుగే. గుండ్రటి అక్షరాలు, తొందరలో రాసినవి. చివరి సున్నా పూర్తిగా కలవలేదు.

రత్నం గాలి లెక్క వేసుకుంది. ఎంతకాలమో పైకి చెప్పలేదు. తొట్లను గాలి మర దగ్గరికి జరిపింది. "ఇకనుంచి పనిలేని మాటలు వద్దు. మాటకు కూడా గాలి ఖర్చే" అంది. మస్తాన్‌వలికి అది పెద్ద శిక్ష.

4

హాజరు మళ్ళీ వచ్చింది. ఈసారి నలుగురం పలకాలని చూశాం.

ఒక పలకను బొంతల్లో చుట్టి తిరుపాలు దాంతో పాటు తనూ దూరాడు. ఒకదాన్ని వంటగది మూలనున్న మరుగుదొడ్డిలో పెట్టి మస్తాన్‌వలి రేకు తలుపు వేసుకున్నాడు. రత్నం బియ్యపు గంగాళంలో తల పెట్టి మాట్లాడింది. నేను ఈ మూలన. అంతా రేకు గది. గుసగుస కూడా గోడలు పట్టుకుని అటు నుంచి ఇటు వస్తుంది. తిరుపాలు బొంతలోంచి "తిరుపాలును, ఉండాను" అన్నాడు. అతను మెల్లగా అన్నా అది కేకే. నాలుగు పలకలూ విన్నాయి. కూత మొదలైంది. గంగాళంలో రత్నం తల అదిరిందట.

గాలి పోయిన గదుల్లో పలక పెడదామని తిరుపాలు అన్నాడు. గాలి లేని చోట పలకకు ఏమీ వినపడదు. హెల్మెట్ లోపలి మాట హెల్మెట్ లోపలే ఉంటుంది. తొడుగులో ఉన్న రేడియో ఇంకో తొడుగుతోనే మాట్లాడుతుంది, పలకతో కాదు.

అప్పుడు నేను కాగితం మీద పెద్ద అక్షరాలతో "నలుగురం ఉన్నాం" అని రాసి పలక ముందు పట్టాను. పలకలో మా ముఖాల వెనక వంటగది కనపడకూడదని కంపెనీ నీలం ఆకాశం బొమ్మ వేస్తుంది. ముఖం కాని దాన్నంతా ఆ ఆకాశం కప్పేస్తుంది. నా కాగితాన్ని కూడా కప్పేసింది. కాగితాన్ని ముఖానికి ఆనించాను. ముఖం కూడా పోయి ఆకాశం ఒక్కటే మిగిలింది. రత్నం వచ్చి నా పక్కన ముఖం పెట్టింది. ఆమె చెంప సగం కనపడి, మబ్బులో కలిసిపోయింది.

"చూశావా, మనల్ని స్వర్గానికి పంపించారు" అన్నాడు మస్తాన్‌వలి. ఈసారి ఎవరూ అతన్ని తిట్టలేదు.

తలనొప్పులు మొదలయ్యాయి. వంగి లేస్తే కళ్ళ ముందు చీకటి. నా వాటా అన్నం నలుగురం తింటున్నాం. రత్నం తను వడ్డించుకునేటప్పుడు గరిట చప్పుడు ఎక్కువ చేస్తుంది, ఎక్కువ వేసుకున్నట్టు. నాకు తెలుసు.

తిరుపాలుకు ఒక ఆలోచన వచ్చింది. "గొంతు నమ్మకపోతే పని నమ్మాల గదా. నలుగురు కోసేంత మంచు కోసి పంపుదాం. ఒక్కడు ఇంత కొయ్యలేడని వాళ్ళకే తెలుస్తది."

పని చేస్తే గాలి ఎక్కువ పడుతుందని రత్నం అంది. అయినా ఆమే ముందు తొడుగు వేసుకుంది.

కోశాం. ఎప్పుడూ కోసినదానికంటే ఎక్కువ కోశాం. బండి నిండి, మూత పడక, చివరి దిమ్మను చెక్కి కూర్చోబెట్టాల్సి వచ్చింది. తిరుపాలు దాని మీద ఉలితో తన గుర్తు కొట్టాడు. క్వారీలో ఎవరు కోసిన రాయి మీద వారి గుర్తు వేసుకుంటారు. అతనిది కోడికాలు లాగా మూడు గీతలు. "ఇది చూసైనా అనుకుంటారు, ఇంకొకడున్నాడని" అన్నాడు. పెద్ద మకాములో ఆ దిమ్మను చూసేది మనిషా, మరా అన్నది మాకు తెలియదు. కరిగాక గుర్తు ఎక్కడుంటుందని నేను అడగలేదు.

పని జరిగింది.

5

పలకలు వేళ కాని వేళ వెలిగాయి. నాలుగింట్లోనూ పూలదండ బొమ్మ.

"చెంచయ్య గారూ, అభినందనలు. ఒక్కరే ఉండి నలుగురి పని చేసిన మీరు ఈ కాలపు ఉత్తమ కార్మికులు."

మస్తాన్‌వలి గోడకు చేరగిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుకు చాలా గాలి కావాలి. రత్నం అతని వీపు మీద చెయ్యి వేసి ఆపింది. ఆపేసరికి అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

మర ఇంకా చెప్తోంది. "ఈ వయసులో ఒంటరిగా ఇంత శ్రమ మీకు తగదు. మిమ్మల్ని ఇంటికి పంపడానికి మనిషి బండి వస్తుంది. ఒక సీటు సిద్ధంగా ఉంది. బండి తిరిగి బయలుదేరగానే గుంట మూసివేసి, కరెంటు ఆపుతాము. మంచి విశ్రాంతి కోరుకుంటున్నాము."

కరెంటు ఆపితే గాలి మర ఆగుతుంది. ఆ బండి కూడా నడిపేవాడు లేనిదే, ఒక్క మనిషే పట్టేది.

"నువ్వు పో మావా" అన్నాడు తిరుపాలు. "పోయి అక్కడున్నోళ్ళకు నోటితో చెప్పు. అక్కడ మనుషులుంటారు గదా."

"బండి పెద్ద మకాముకు పోయేలోపు ఈ గదిలో గాలి అయిపోతది తిరుపాలూ. బండి కదిలితే చాలు, కరెంటు కట్" అంది రత్నం.

"పోకపోతే?"

"పోకపోయినా బండి ఆగదు గదా. కాసేపు చూసి తిరిగిపోతది. అప్పుడూ కట్టే."

"అట్టయితే ఒక్కరన్నా బతకనీ. మావ ఎక్కాల."

"నేను ఎక్కను" అన్నాను.

"నువ్వూ నీ రెండు మాటలూ" అన్నాడు తిరుపాలు. "మొన్న ఆ మరకు అంత పొడుగు చెప్పావు. మాకు చెప్పడానికి మాత్రం మాటలు లేవు."

నిజమే. చెప్పాల్సింది చాలా ఉంది. నాకు రాదు. లేచి, తొట్లకు నీళ్ళు పోశాను. తోటకూర ఆకులు చివర్ల పసుపు పడుతున్నాయి.

6

మనిషి బండి రావడానికి ముందు ఇంకో హాజరు ఉంది. అదే ఆఖరిది.

రత్నం ఆలోచించింది. "అన్న గొంతు వింటే మర అన్న ఒక్కడే అనుకుంటంది. ఈసారి అన్న గొంతు గదిలోనే ఉండకూడదు. మిగతా ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం మాట్లాడదాం. ఈ గదిలో వేరే గొంతులున్నాయని దానికి తెలవాల."

పక్కనుంచి దగ్గు కూడా వినపడకుండా నన్ను తొడుగు వేసుకుని హెల్మెట్ పెట్టుకోమన్నారు. వంటగది మధ్యలో, పొయ్యి పక్కన, అలా కూర్చున్నాను. హెల్మెట్ బిగించగానే గది మూగదైపోయింది. నా ఊపిరి నాకు వినపడుతోంది, అంతే.

పలకలు వెలిగాయి. రత్నం పెదవులు కదలడం చూశాను. చేతులు కట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు నిలబడింది. ఆమె అయిపోయాక మస్తాన్‌వలి. అతను వేళాకోళం ఆడటం లేదని ముఖం చూస్తే తెలిసింది. తర్వాత తిరుపాలు. మొదట మెల్లగా మాట్లాడాడు. తర్వాత మెడ నరాలు ఉబ్బాయి. పేలుడుకు ముందు వేసే కేక వేస్తున్నాడని అర్థమైంది. అది నాకు వినపడలేదు. పొయ్యి మీద గిన్నె మూత వణకడం మాత్రం కనపడింది. రత్నం అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

తర్వాత ముగ్గురూ పలకల వంక చూస్తూ నిలబడ్డారు. ముగ్గురి భుజాలూ ఒకేసారి వాలిపోయాయి.

హెల్మెట్ తీశాను. "ఏమంది?" అని అడిగాను.

మస్తాన్‌వలి చెప్పాడు.

"నాలుగు పలకల మీదా నీ పేరే గదా మావా. ఎవరు పలికినా నువ్వే పలికావనుకుంది. 'చెంచయ్య గారూ, మీ గొంతు బాగా మారింది, ఒకసారి ఆడగొంతులాగా, ఒకసారి అరుపులాగా వస్తోంది, మీకు ఒంట్లో బాగా లేదు' అంది."

"మతి కూడా బాగాలేదంది" అన్నాడు తిరుపాలు.

"అందుకని మనిషి బండిని ముందుకు జరిపింది" అంది రత్నం. "ఇంక మూణ్ణాళ్ళకే వస్తదంట. వైద్యం పెట్టె కూడా పెట్టి పంపుతున్నారంట, నీకు."

వాళ్ళు ముగ్గురూ ఇంకా నిలబడే ఉన్నారు. ఇంక చేసేది ఏమీ లేనప్పుడు మనిషికి కూర్చోవడం కూడా గుర్తుండదు. నేను రత్నం చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

7

ఇది ఆఖరి కాగితం. గుంట మూసేస్తున్నారు గనక మంచుబండి ఈసారి ఉత్తదే వచ్చింది, ఈపూట తిరిగి బయలుదేరుతుంది.

పొద్దున రత్నం ఖాళీ పెట్టె తుడుస్తోంది. ఖాళీలన్నీ బండిలో వెనక్కి పంపాలి. ఇక ఎవరు అడుగుతారులే అనుకోకుండా, అలవాటుగా తుడుస్తోంది. సుద్ద అక్షరాల దగ్గరికి వచ్చేసరికి గుడ్డ ఆపి, "అన్నా, ఇది ఎవరు రాసుంటారు?" అంది.

"పెట్టె సర్దినోళ్ళు" అన్నాను.

"ఖాళీ పెట్టె మళ్ళీ ఎవరి చేతికి పోతది?"

నేను లేచి నిలబడ్డాను. తల తిరిగింది. గోడ పట్టుకున్నాను.

ఇన్నాళ్ళూ మేము కిందికే అరుస్తున్నాం. అంత దూరాన ఉన్న మరతో. బండి పోయే దూరంలోనే పెట్టెలు సర్దే ఒక మనిషి ఉన్నారు. సీసా పగులుతుందేమోనని సుద్దముక్క వెతికి, తొందరలో అంత మాట రాసిన మనిషి. ఆ మాట ఏ మరా చెప్పి రాయించి ఉండదు. మీరు ఆడో, మగో, ఏ ఊరో నాకు తెలియదు. ఇప్పటిదాకా ఈ కాగితాలు ఎవరికి రాస్తున్నానో తెలియకుండా రాశాను. మీకే రాశానని ఇప్పుడు తెలిసింది.

మీకు మా పేర్లు ఇచ్చే పట్టీలో నేనొక్కణ్ణే ఉంటాను. ఈ కాగితం చూసి, ఒంటరి ముసలివాడు మతి చెడి నలుగురున్నట్టు రాసుకున్నాడని మీరు కూడా అనుకోవచ్చు. మర అలాగే అనుకుంది. అందుకని కింద మిగతా వాళ్ళను వారి చేత్తోనే రాయమన్నాను. నా దస్తూరి బాగుండదని మొదట్లో మిమ్మల్ని మన్నించమన్నాను. ఇప్పుడు దాన్ని బాగా చూడండి అంటున్నాను. నా గీతలు ఎలా వాలిపోతాయో చూడండి. తర్వాత కింద ఉన్నవి చూడండి. అవి నావి కావు.

నేను దోమతోటి ఏసురత్నం. గాలి మర నా చేతిలో ఉంది. ఆకులు ఎండినా మర ఇంకా తిరుగుతోంది. చెంచయ్య అన్నకు మతి బాగానే ఉంది. ఆయన అన్నం మాకు పెట్టి తిన్నానని అబద్ధం చెప్తున్నాడు, అది తప్ప ఏ జబ్బూ లేదు.

షేక్ మస్తాన్‌వలి. బతికే ఉన్నాను. మామూలుగా అయితే బీడీలు అడిగేవాణ్ణి. ఇప్పుడు గాలి చాలు. మీ అక్షరాలు బాగున్నాయి. మీరెవరో గానీ నూరేళ్ళు బతకండి, అందులో ఒక రెండు రోజులు మాకివ్వండి.

మళ్ళీ నేను, చెంచయ్యను. తిరుపాలుకు రాయడం రాదు. కింద మూడు గీతలు అతను గీసినవి. మొన్నటి బండిలో పై దిమ్మ మీద ఇదే గుర్తు ఉంది. ఆ దిమ్మ ఇంకా కరగకపోతే పక్కన పెట్టి చూడండి. గీయడానికి కూర్చుని చాలాసేపు కలం పట్టుకునే ఉన్నాడు. రాతి మీద అయితే తప్పు పోదని, కాగితం మీద భయంగా ఉందని అన్నాడు.

ఈ కాగితాలు మీ సుద్ద రాత ఉన్న పెట్టెలోనే పెడుతున్నాను. మీ రాతను తుడవనివ్వలేదు. బండి రేపటికి మీ దగ్గరికి చేరుతుంది. తొడుగులో గాలి అంతసేపు రాదు, లేకుంటే మేమే ఎక్కి వచ్చేవాళ్ళం. మనిషి బండి మీ దగ్గరనుంచి ఆ తర్వాతే బయలుదేరాలి. దాన్ని ఆపించండి, లేదా నలుగురు పట్టేది పంపించండి. కరెంటు మీట దగ్గర మనిషి ఎవరైనా ఉంటే వారికి మా నలుగురి చేతిరాతలు చూపించండి. ఒక్క మనిషి పట్టే బండి వస్తే, నేను ఎక్కను. వీళ్ళను వదిలి పీల్చే గాలి నాకొద్దు. ఈ మాట తిరుపాలుకు నోటితో చెప్పలేకపోయాను. ఇక్కడ రాశాను, అతనికి ఎవరైనా ఎప్పుడైనా చదివి వినిపిస్తారు.

మమ్మల్ని పలకలో పిలవకండి. పిలిస్తే ఈ గది మీ మాటను కూడా కూత చేస్తుంది. రాయండి. సుద్దతో పెట్టె మీద రెండు మాటలు చాలు, తొందరలో రాసినవైనా సరే, సున్నా కలవకపోయినా సరే. బండి వచ్చే వేళకు నలుగురం మూత దగ్గర నిలబడి ఉంటాం. త్వరగా జవాబు రాయండి.